గేటు ముందు హారన్, గదిలో పాఠం



బడి సైన్సులో ధ్వని మీద ఒక పాఠం ఉంటుంది. కంపనం అంటే ఏమిటి, పౌనఃపున్యం అంటే ఏమిటి, శబ్ద కాలుష్యం వల్ల నష్టాలేమిటి అని అడిగితే పిల్లలు చక్కగా రాసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ పరీక్ష రాస్తుండగానే కిటికీ అవతల, యూకేజీ చదివే తమ్ముణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చిన నాన్న బండి పీఁ పీఁ మంటూ ఉంటుంది. శబ్ద కాలుష్యానికి ఉదాహరణ కోసం పిల్లలు వెతుక్కోవాల్సిన పని లేదు.

ఈ నెల ఈ పేజీ ఆ హారన్ గురించే. ఫీజులు, మార్కులు, ర్యాంకుల మధ్య ఇదేం పెద్ద విషయమని మీకు అనిపించవచ్చు. చిరాకు సంగతి కాసేపు పక్కన పెట్టి, దీన్ని చదువు సంగతిగానే చూద్దాం. బయటి చప్పుడు వల్ల పిల్లలు చదవడంలో ఎంత వెనకబడతారో దాదాపు యాభై ఏళ్ళ కిందటే లెక్క తీశారు. ఆ లెక్క తీయడానికి కారణం మనలాంటి ఒక తల్లే.

న్యూయార్క్ నగరంలోని లీమన్ కాలేజీలో అర్లీన్ బ్రాన్‌జాఫ్ట్ అనే ఆవిడ సైకాలజీ చెప్పేవారు. ఆవిడ క్లాసులో చదువుకుంటున్న ఒకామె, తన బిడ్డ వెళ్ళే బడి పక్కనే రైళ్ళు పోతాయనీ, ఆ మోతకు పాఠం సాగడం లేదనీ, తల్లిదండ్రులందరూ కలిసి కోర్టుకు వెళ్ళాలనుకుంటున్నారనీ చెప్పింది. కోర్టులో చిరాకుగా ఉందంటే సరిపోదు, నష్టం చూపించాలి. అందుకని ప్రొఫెసర్ గారు ఆ బడికే వెళ్ళి లెక్క మొదలుపెట్టారు.

బడి పేరు పీఎస్ 98. స్తంభాల మీద ఎత్తుగా వేసిన పట్టాల మీద, బడి వేళల్లో నాలుగున్నర నిమిషాలకొక రైలు పోయేది. పోయినప్పుడల్లా టీచర్ అర నిమిషం నోరు మూసుకుని నిలబడాలి. ఆ బిల్డింగులో సగం గదులు పట్టాల వైపు, మిగతా సగం అవతలి వైపు ఉండేవి. అంటే బడి ఒకటే, పుస్తకాలు అవే, పిల్లలు వచ్చే వీధులూ అవే. తేడా కిటికీది మాత్రమే. 1975లో ఫలితం బయటికొచ్చింది. ఆరో తరగతికి వచ్చేసరికి పట్టాల వైపు గదుల్లోని పిల్లలు, అవతలి వైపు పిల్లలకంటే చదవడంలో దాదాపు ఏడాది వెనకబడి ఉన్నారు.

ఒక ఏడాది చదువు ఖరీదెంతో మీకు చెప్పక్కర్లేదు. రసీదులు మీ బీరువాలోనే ఉంటాయి.

నాకు ఇంకా నచ్చేది తర్వాత జరిగిన కథ. రైళ్ళ వాళ్ళు పట్టాల కింద రబ్బరు మెత్తలు వేశారు. చప్పుడు ఎక్కువగా ఉన్న గదుల సీలింగుకు విద్యాశాఖ శబ్దాన్ని పీల్చే పలకలు బిగించింది. 1981లో వచ్చిన రెండో లెక్కలో ఇటు వైపు పిల్లలూ అటు వైపు పిల్లలూ సమానంగా చదువుతున్నారు. సిలబస్ మార్చలేదు, ట్యూషన్ పెట్టలేదు.

ఒక్క బడిని చూసి నమ్మడమెందుకు అంటారా? జర్మనీలో మ్యూనిక్ నగరానికి రీమ్ అనే పాత విమానాశ్రయం ఉండేది. 1992 మే నెలలో ఒక్క రాత్రిలో దాన్ని మూసేసి, సామానంతా తరలించి, ఊరికి దూరంగా కట్టిన కొత్తదాన్ని తెరిచారు. పరిశోధకులు ముందే రెండు చోట్లా పిల్లలకు పరీక్షలు పెట్టి ఉంచారు, మార్పు తర్వాత మరో రెండుసార్లు పెట్టారు. పాత విమానాశ్రయం దగ్గర చప్పుడు పోయాక అక్కడి పిల్లల జ్ఞాపకశక్తి, చదివే తీరు మెరుగుపడ్డాయి. కొత్తది వచ్చిన చోట పిల్లలవి దెబ్బతిన్నాయి. చప్పుడు పోతే పిల్లలు కోలుకుంటారన్నమాట. మన చేతిలో ఉన్నది ఆ సగమే.

మన ఊళ్ళో విమానాలు లేవు, హారన్లున్నాయి. గుంటూరు, మాచర్ల రోడ్డు మీద ఉన్న ఊరు సత్తెనపల్లి. మిర్చి కాలం వస్తే గుంటూరు యార్డుకి టిక్కీలు వేసుకుని పోయే లారీలు, కోతలకు కూలీలను తీసుకెళ్ళే ఆటోలు, పత్తి లోడు ట్రాక్టర్లు, వాటి మీద పాటల బాక్సులు. ఆ లారీ డ్రైవరు మలుపులో హారన్ కొట్టకపోతే ప్రాణాల మీదికి వస్తుంది. అతన్ని ఏమీ అనడం లేదు. నేను చెప్పేది మరో రకం హారన్. దాన్ని 'పిలుపు హారన్' అందాం. బండి ఆగే ఉంటుంది. ఎదురుగా అడ్డం ఎవరూ ఉండరు. 'బాబూ, వచ్చేశా, బయటికి రా' అని చెప్పడానికి కొట్టేది. ఒకసారి కొడితే రాలేదని రెండోసారి, వాచ్‌మన్ చూడలేదని మూడోసారి. పక్కనున్న ఆయన కొడుతున్నాడు కదా అని మనమూ కొడతాం.

ఈ పిలుపు హారన్ పడే వేళ కూడా చూడండి. ఎల్‌కేజీ, యూకేజీ పిల్లల్ని ముందు వదులుతారు. ఆ వేళకి పై తరగతుల్లో పాఠం జరుగుతూనే ఉంటుంది. చిన్నవాడి కోసం మనం కొట్టిన హారన్ పెద్దదాని లెక్కల క్లాసులో పడుతుంది. ఇద్దరూ మన పిల్లలే, రెండు ఫీజులూ మనమే కడుతున్నాం.

అది క్లాసులో ఎలా పడుతుందో కొంచెం వివరంగా చెప్పుకుందాం. పాలు, కాలు, తాలు. మిర్చి వేసే ఇళ్ళలో తాలు అంటే ఏమిటో నేను చెప్పనవసరం లేదు. ఈ మూడు మాటల్లో తేడా అంతా మొదటి హల్లులోనే ఉంది. మనం మాట్లాడేటప్పుడు అచ్చులు గట్టిగా, సాగి వినిపిస్తాయి. హల్లులు చిన్నగా పలికి రెప్పపాటులో అయిపోతాయి. చుట్టూ చప్పుడు ఉంటే ముందు కొట్టుకుపోయేది హల్లే. పెద్దవాళ్ళం మిగతా వాక్యాన్ని బట్టి పూరించుకుంటాం. 'గేదె ఈ పూట ... తక్కువ ఇచ్చింది' అంటే మధ్యలో మాట వినపడకపోయినా పాలే అని తెలుసు. పిల్లలకి ఆ నేర్పు నెమ్మదిగా వస్తుంది, పద్నాలుగు పదిహేనేళ్ళ దాకా పెరుగుతూనే ఉంటుంది. అందుకే మనకి 'పర్లేదు, వినపడుతోందిలే' అనిపించే గదిలో ఏడేళ్ళ పిల్లకి సగం మాటలు జారిపోతుంటాయి.

పైగా వినేది ఇంగ్లిషు పాఠం. ఇంట్లో మాట్లాడని భాషలో పోయిన అక్షరాన్ని పూరించుకోవడం ఇంకా కష్టం. 'ఫిఫ్టీన్', 'ఫిఫ్టీ' ఈ రెండూ పైకి చదివి చూడండి. చివరి 'న్' మీద ఒక హారన్ పడితే 15 కాస్తా 50 అవుతుంది. ఆ పిల్ల లెక్క చేసే పద్ధతి సరిగ్గానే ఉంటుంది, జవాబు తప్పవుతుంది. రాత్రి నోటుబుక్కు చూసి 'శ్రద్ధ లేదు' అని మనం తిడతాం.

ఇక టీచర్ సంగతి. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. 1911లోనే ఎటియెన్ లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టరు ఈ సంగతి వివరించారు, అందుకే దీన్ని లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. క్లాసులో మాట స్పష్టంగా అందాలంటే టీచర్ గొంతు చుట్టూ ఉన్న చప్పుడుకంటే 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలని శబ్దశాస్త్రం తెలిసినవాళ్ళు చెబుతారు. మొదటి బెంచీకి అందే గొంతు చివరి బెంచీకి అందదు. అడ్డం లేని చోట దూరం రెట్టింపయితే 6 డెసిబెల్స్ పడిపోతుంది, గదిలో అయితే గోడల వల్ల కొంచెం తక్కువ పడుతుంది. ఇలా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అరిస్తే ఏ గొంతయినా బొంగురుపోతుంది. మీ పాప టీచర్ గురించి 'మా మిస్ ఊరికే అరుస్తుంది' అని చెబితే, ఆ గది కిటికీ ఎటు వైపు ఉందో ఒకసారి కనుక్కోండి.

డెసిబెల్ లెక్కలో ఒక మెలిక ఉంది. ఇది మన మామూలు కూడిక లెక్క కాదు. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు పెరిగినట్టు, 20 పెరిగితే వంద రెట్లు, 40 పెరిగితే పదివేల రెట్లు. ఇప్పుడు ఈ రెండు అంకెలు చూడండి. మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బడులు, ఆసుపత్రులు, కోర్టుల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. అలాంటి చోట పగలు ఉండాల్సిన హద్దు 50 డెసిబెల్స్. కారు హారన్ ఏడు మీటర్ల దూరంలో కూడా 90 దాటుతుంది. ఏనుగు దూరడానికి చీమ పుట్ట చూపించినట్టుంటుంది ఈ పోలిక. జరిమానా కూడా ఉంది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 194ఎఫ్ అనే సెక్షన్ వచ్చింది. అవసరం లేకుండా, ఆపకుండా హారన్ కొట్టినా, హారన్ వద్దని బోర్డు ఉన్నచోట కొట్టినా మొదటిసారి 1000 రూపాయలు, తర్వాత 2000.

ఇది భయపెట్టడానికి చెప్పడం లేదు. నిజం చెప్పాలంటే బోర్డుల మీదా జరిమానాల మీదా నాకు పెద్ద నమ్మకం లేదు. హారన్ మన రోడ్ల మీద ఒక భాష అయిపోయింది. 'వస్తున్నా' అని ఒక పొట్టి హారన్, 'తప్పుకో' అని ఒక పొడుగు హారన్, తెలిసినాయన కనిపిస్తే 'ఏం బావా' అని ఇంకొకటి. లారీ వెనకాలైతే హారన్ కొట్టమని మనమే రంగులతో రాయించి పెట్టుకున్నాం. 2020 జనవరి చివర్లో ముంబయి ట్రాఫిక్ పోలీసులు ఒక వీడియో విడుదల చేశారు, చాలామంది చూసే ఉంటారు. సిగ్నల్ దగ్గర హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్ర లైటు లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. ఎంత కొడితే అంతసేపు ఆగాలి. జనం నవ్వుకున్నారు కూడా. ఎర్ర లైటు దగ్గర హారన్ కొడితే లైటు పచ్చబడదని అందరికీ తెలుసు, అయినా బొటనవేలు ఆగదు. అలవాటు అంటే అదే.

ఆ అలవాటు ఎక్కడ పుడుతుందో చూడాలంటే మన బండి మీదే చూడొచ్చు. నాన్న ముందు పెట్రోలు ట్యాంకు మీద కూర్చున్న మూడేళ్ళ పిల్లాడికి బండిలో అందే వస్తువు ఒక్కటే, హారన్ బటన్. 'కొట్టు నాన్నా, కొట్టు' అని మనమే నేర్పుతాం. వాడు కొడితే ముద్దు చేస్తాం. ట్రాఫిక్ రూల్స్ మీద వాడికి అది మొదటి పాఠం, ఏ బడీ చెప్పకముందే చెప్పింది. (పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టడమే ప్రమాదం. ఆ సంగతి ఇంకో నెల.)

మరి గేటు దగ్గర ఏం చేయాలి? నా ఉద్దేశంలో పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. బండి గేటు ముందే ఆపాలన్న పట్టుదల వదిలేస్తే సగం గొడవ తీరిపోతుంది. యాభై అడుగుల దూరంలో స్టాండు వేసి, నడిచి వచ్చి, గేటు దగ్గర నిలబడితే పిల్లవాడికి మన ముఖం కనిపిస్తుంది, హారన్‌తో పని ఉండదు. ఎండాకాలంలో అది కష్టమే, ఒప్పుకుంటాను. ఒకే వీధి వాళ్ళు ముగ్గురు నలుగురు ఉంటే వంతులు వేసుకోవచ్చు. ఒకరోజు ఒకరు వచ్చి అందరి పిల్లల్నీ గేటు నుంచి బండ్ల దాకా నడిపించి తెస్తారు. ఆటో పెట్టుకున్నవాళ్ళు డ్రైవరుకు ఒక్క మాట చెప్పండి: 'బాబాయ్, హారన్ కొట్టొద్దు, మా వాడే వస్తాడు.' డబ్బిచ్చేది మీరు కాబట్టి మీ మాట అతను వింటాడు, బడి వాళ్ళ మాటకంటే ముందు వింటాడు. ఉదయం హారన్లన్నీ ఆలస్యపు హారన్లే. ఇంట్లో పది నిమిషాలు ముందు బయల్దేరితే అవి పుట్టనే పుట్టవు.

మీరు ఇంత చేసినప్పుడు బడిని కూడా అడగండి. ఏ బడిలోనైనా సరే, అసెంబ్లీ మైకు ఆ పెద్ద స్పీకర్లతో వీధి చివరి దాకా వినపడాల్సిన అవసరం ఏముంది? బల్లలు, కుర్చీలు గచ్చు మీద లాగినప్పుడు వచ్చే కీచుమనే మోత హారన్‌కేమీ తీసిపోదు. కాళ్ళకు రబ్బరు తొడుగులు వేస్తే పోతుంది, అవి పెద్ద ఖర్చు కాదు. బడి బస్సు డ్రైవరు వీధిలో నిలబెట్టి హారన్ కొట్టి పిల్లల్ని పిలుస్తున్నా అదే తప్పు. పేరెంట్ మీటింగులో మార్కుల లిస్టు చేతికిచ్చాక ఈ ప్రశ్న ఒక్కటి అడగండి.

ఇంటికి వద్దాం. సాయంత్రం పిల్లలు పుస్తకం తీసే వేళకే మిక్సీ, కుక్కరు విజిల్, టీవీ సీరియల్, తాతయ్య వార్తలు, ఎవరి చేతిలోనో ఫోన్ రీల్స్ అన్నీ మొదలవుతాయి. వీటిలో చదువుకు ఎక్కువ అడ్డం ఏది అని అడిగితే చాలామంది మిక్సీ అంటారు. మిక్సీ మోత పెద్దదే, కానీ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. పైగా అందులో మాటలు లేవు. టీవీ సౌండ్ చిన్నదే, కానీ అందులో అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటుంటారు. అర్థమయ్యే మాట చెవిన పడితే, వద్దనుకున్నా మెదడు దాని వెంట పోతుంది. చదువుతున్నదీ మాటలే, వినపడుతున్నదీ మాటలే, రెండూ ఒకే దారిలో కొట్టుకుంటాయి. అందుకే రాత్రి తిరిగే ఫ్యాను చప్పుడులో హాయిగా చదివే పిల్ల, పక్క గదిలో మెల్లగా మాట్లాడుకునే మాటలకు చదవలేకపోతుంది. ఒక ఆదివారం ఇంట్లోనే చూడండి. తెలుగు వాచకంలో చదవని పాఠం ఒక పేజీ టీవీ నడుస్తుండగా చదివించి, పుస్తకం మూయించి, ఏం చదివిందో చెప్పమనండి. తర్వాతి పేజీ టీవీ ఆపి చదివించండి. తేడా మీకంటే ముందు పిల్లకే తెలుస్తుంది. మీరు చెబితే వినని మాట, తనకే తెలిస్తే వింటుంది.

రెండు గదుల ఇంట్లో అందరూ నోరు మూసుకోవడం జరిగే పని కాదు. రోజుకు ఒక్క గంట, ఏ గంట అన్నది మీ ఇంటి వీలు. ఆ గంటలో టీవీ ఉండదు, ఫోన్లకు సౌండ్ ఉండదు, పెద్దవాళ్ళకు కూడా. నాయనమ్మకు సీరియల్ ఆ వేళకే ఉంటే ఆవిడ గంట కాదు, పిల్లల గంట మార్చండి. ఆవిడతో తగువు పెట్టుకుంటే ఆ చప్పుడు ఇంకా పెద్దది.

'మేమంతా ఈ గోలలోనే చదువుకోలేదా, వీధి దీపం కింద చదివి పైకి వచ్చినవాళ్ళు లేరా' అని పెద్దవాళ్ళు అంటుంటారు. ఉన్నారు. కానీ ఆ వీధి దీపాల కాలంలో రాత్రి తొమ్మిదింటికల్లా ఊరు సద్దుమణిగేది. వాళ్ళకు వెలుతురు కరువు, నిశ్శబ్దం కాదు. మన పిల్లలకు ఇన్వర్టర్ ఉంది, ఎల్ఈడీ బల్బు ఉంది, ఏసీ గది కూడా కొందరికి ఉంది. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభలు కట్టే రోజుల్లో, పెళ్ళిళ్ళ సీజన్లో, పదో తరగతి పరీక్షల ముందు రాత్రి పన్నెండు దాకా మైకు మోగితే ఆ పిల్లలు ఏమైపోవాలి? ప్రభలు మన పల్నాటి గర్వం, వాటిని ఎవరూ వద్దనరు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకులు వద్దని, ఇళ్ళ మధ్య హారన్ కూడా వద్దని సుప్రీంకోర్టు 2005 జులైలోనే చెప్పింది. పరీక్షల నెలలో కమిటీ వాళ్ళ దగ్గరికి నలుగురు తల్లిదండ్రులు వెళ్ళి 'మా వాడికి ఎల్లుండి లెక్కల పరీక్ష' అని అడిగితే, బాక్సులు తగ్గించని కమిటీ ఉంటుందని నేననుకోను. వాళ్ళ ఇళ్ళలోనూ పదో తరగతి పిల్లలుంటారు.

ఇయర్‌ఫోన్ల గురించి రెండు మాటలు. లోపలి చెవిలో వినికిడికి ఆధారమైన సన్నని కేశకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. పోయినవి మనుషుల్లో మళ్ళీ పుట్టవు. పిల్లలు ఫోన్‌లో వినే పాటలు వారానికి 40 గంటలకు మించకుండా 75 డెసిబెల్స్ లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. పిల్లవాడి చెవిలో ఇయర్‌ఫోన్ ఉండగా పక్కన నిలబడ్డ మీకు పాట వినపడుతుంటే సౌండ్ తగ్గించమనండి.

చివరిగా, పైన చెప్పినవేవీ లేకుండా కూడా పిల్లలకు వినపడకపోవచ్చు. పిలిస్తే పలకకపోవడం, మాటిమాటికీ 'ఆఁ?' అనడం, టీవీకి దగ్గరగా జరిగి కూర్చోవడం, డిక్టేషన్‌లో ఒకే రకం తప్పులు. వీటిని మొండితనమనో పరధ్యానమనో అనుకునే ముందు చెవి డాక్టరుకు చూపించండి. జలుబు తగ్గాక కూడా కర్ణభేరి వెనక నీరు నిలిచిపోతే కొన్ని వారాల పాటు వినికిడి తగ్గుతుంది, నొప్పి ఉండదు కాబట్టి పిల్లలు చెప్పరు. అది చాలామంది పిల్లల్లో కొన్నాళ్ళు ఆగితే తగ్గిపోయేదే. ఇంట్లో పిన్నీసులతో, అగ్గిపుల్లలతో గులిమి తీయకండి, కాచిన నూనె పోయకండి. ఈలోగా డైరీలో క్లాస్ టీచర్‌కి రెండు ముక్కలు రాసి పంపండి. రోడ్డు కిటికీకి దూరంగా, ముందు బెంచీకి సీటు మార్చడానికి డాక్టరు సర్టిఫికెట్ ఏమీ అక్కర్లేదు.